కుక్క తోక పట్టుకుని

(మా ఊరి తెలుగు మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమంటే మామూలుగా డేటాబేసుల గురించో, పిల్లల కాలేజీ అడ్మిషన్ల గురించో మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు ఫోన్ చేసి "మీ ముసలి కుక్క కథ చెప్పండి" అన్నారు. పక్క గదిలో క్రికెట్ వస్తోంది. వెనక బల్ల మీద సమోసాలు వేడిగా ఉన్నాయి. ఆ రెంటినీ వదులుకుని ఇక్కడ కూర్చున్నందుకు ముందుగా మీ అందరికీ కృతజ్ఞతలు.

మాది కొవ్వూరు. గోదారి ఒడ్డున పుట్టినవాడికి ఒక సామెత ఉగ్గుపాలతోనే వస్తుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని. అది అయ్యే పని కాదని అర్థం. కుక్క తోక వంకర అని ఇంకొకటి ఉంది. దాని బుద్ధి మారదని అర్థం. వయసు మళ్ళిన కుక్కని, అందులోనూ కోపిష్టిదని పేరుపడ్డదాన్ని ఇంటికి తెచ్చుకున్నప్పుడు మా మిత్రులు ఈ రెండు సామెతలనీ నాకు వంతులవారీగా వినిపించారు. వాళ్ళని తప్పుపట్టను. నేనూ చిన్నప్పుడు వీధికుక్క కనిపిస్తే రాయి కోసం కిందికి వంగినవాణ్ణే.

సంగతి ఇలా మొదలైంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా శని ఆదివారాలు కౌంటీ షెల్టర్లో వాలంటీరుగా వెళ్ళేది. కాలేజీ అప్లికేషన్లో రాసుకోవడానికి పనికొస్తుందని పంపించింది మేమే. నాలుగు నెలలు తిరిగేసరికి అప్లికేషన్ సంగతి మరిచిపోయి, కుక్క కావాలని కూర్చుంది. సరే, బుజ్జి కుక్కపిల్లని తెద్దామని 2021 అక్టోబరులో నలుగురం కలిసి వెళ్ళాం. అమ్మాయి మమ్మల్ని పిల్లల గదికి కాకుండా, తిన్నగా వరసలో చివరి బోను దగ్గరికి తీసుకెళ్ళింది.

జర్మన్ షెపర్డూ లాబ్రడారూ కలిసిన జాతి. మూతి చుట్టూ తెల్లబడిపోయింది. పేరు డ్యూక్. బోను మీద కాగితం అంటించి ఉంది. వయసు సుమారు 10. పన్నెండేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వబడదు. పిల్లులతో పనికిరాదు. తిండి దగ్గర కాపలా కాస్తుంది. ఒంటరిగా ఉండలేదు. ఇంతకుముందు రెండుసార్లు తీసుకెళ్ళి వెనక్కి తెచ్చారు. ఉద్యోగానికి ఇలాంటి రెజ్యూమె వస్తే మనం రెండో పేజీ చూడం.

అసలు యజమాని ఒక పెద్దాయన అట. ఆయన్ని నర్సింగ్ హోముకి తరలించారు, కుక్క ఇక్కడికొచ్చింది. షెల్టర్లో ముసలి కుక్కలు కనిపిస్తే అవేదో తప్పు చేసి వచ్చాయని మనం అనుకుంటాం. చాలాసార్లు తప్పేమీ ఉండదు. యజమాని పోతాడు, అద్దె ఇల్లు మారుతుంది, వైద్యం ఖర్చు మోయలేరు, అంతే. అలాంటివాటి కోసమే శాన్‌ఫ్రాన్సిస్కోలో షెర్రీ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ 2007లో మట్‌విల్ అనే సంస్థ పెట్టారు. ఏడేళ్ళు దాటిన కుక్కలనే అక్కడ తీసుకుంటారు. 62 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకి ఆ కుక్కల్ని ఇచ్చే పథకం కూడా వాళ్ళకుంది. ముసలి కుక్కకి ముసలి మనిషి తోడు. వినగానే మన ఊరి అరుగులు గుర్తొచ్చాయి నాకు.

మొత్తానికి డ్యూక్ మా ఇంటికొచ్చాడు. కొత్త కుక్క బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని షెల్టర్లలో ఒక లెక్క చెబుతారు. నేను ఇంజనీర్ని. మూడు నెలల ప్రాజెక్టుని మూడు వారాల్లో పూర్తి చేయిస్తానని మేనేజరుకి మాటిచ్చి అలవాటైనవాణ్ణి.

గిన్నెలో తిండి పెట్టాక ఎవరైనా ఆరడుగుల దూరంలోకి వస్తే గుర్రుమనేవాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపు గీకి గీకి గోళ్ళు నెత్తురయ్యేవి. టోపీ పెట్టుకున్న మగవాళ్ళని చూస్తే వీధి దద్దరిల్లేది. నేను ఇంటర్నెట్లో వెదికాను. ఒకాయన వీడియోలో ఛాతీ విరుచుకుని చెబుతున్నాడు. కుక్కలు తోడేళ్ళ సంతతి, తోడేళ్ళ గుంపులో ఒక పెత్తందారు ఉంటాడు, ఆ పెత్తందారు నువ్వేనని కుక్కకి తెలియాలి. అందుకు అది తింటుండగా గిన్నె లాక్కోవాలి, గుర్రుమంటే గట్టిగా గద్దించాలి. నాకిది సబబుగానే తోచింది. మా బళ్ళో లెక్కల మాస్టారి పద్ధతీ అదే కదా!

రోజూ రెండుపూటలా అలాగే చేశాను. గిన్నె తీసేవాణ్ణి. గుర్రుమంటే "నో!" అని అరిచేవాణ్ణి. మూడు వారాల్లో గుర్రుమనడం మానేశాడు. భోజనాల దగ్గర మా ఆవిడతో గొప్పగా చెప్పాను, చూశావా, లైనులో పెట్టాను అని.

నాలుగో వారంలో మా అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. మా ఆవిడ సేమ్యా పాయసం చేసింది. అబ్బాయి చెయ్యి తగిలి గిన్నె కిందపడింది. డ్యూక్ పరుగున వచ్చాడు. పాయసంలో కిస్‌మిస్ ఉంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం, మూత్రపిండాలు దెబ్బతింటాయని షెల్టరువాళ్ళు ముందే చెప్పారు. అడ్డుకోవాలన్న కంగారులో వాడి మూతి కింద చెయ్యి పెట్టాను. గుర్రుమనలేదు. పళ్ళు చూపించలేదు. ఒక్క క్షణంలో కరిచేశాడు. మా అమ్మాయి కేక పెట్టలేదు. ఫ్రిజ్‌లోంచి చీజ్ ముక్క తీసి హాలు అవతలి మూలకి విసిరింది. డ్యూక్ పాయసం వదిలేసి అటు పరిగెత్తాడు. వాడు వెళ్ళాక అమ్మాయి నేల తుడిచింది. నాకు నాలుగు కుట్లు పడ్డాయి.

కాలిఫోర్నియాలో కుక్క కరిస్తే ఆ సంగతి అధికారులకి చెప్పితీరాలి. రేబిస్ లక్షణాలు కనిపిస్తాయేమోనని 10 రోజులు ఆ కుక్కని విడిగా ఉంచి గమనించాలి. మా ఇంట్లోనే ఉంచడానికి ఒప్పుకున్నారు. మా ఆవిడ ఒకటే మాట అంది. "నేను వద్దని అనలేదు, తెచ్చుకున్నాం. పిల్లలున్న ఇల్లండీ. పదిరోజులు అవ్వగానే పంపించేద్దాం." ఆ మాటకి జవాబు లేదు. కాకపోతే పదేళ్ళ వయసు, అప్పటికే రెండుసార్లు వెనక్కి వచ్చిన చరిత్ర, ఇప్పుడు మనిషిని కరిచినట్టు రికార్డు. వెనక్కి పంపిస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

ఆ పది రోజులే నాకు చదువు చెప్పాయి.

మూడో రోజున ఇంటికే వచ్చి చూసే పశువైద్యురాలిని పిలిపించాం. ఆవిడ చాలాసేపు వాణ్ణి ముట్టుకోలేదు. దూరంగా కూర్చుని, వాడు లేవడం, నడవడం, తినడం చూసింది. ఒకవైపే నములుతున్నాడు, నోరు వాసన వస్తోంది, లేచేటప్పుడు వెనకకాళ్ళు బిగుసుకుంటున్నాయి అంది. తరువాత మత్తు ఇచ్చి చూస్తే రెండు దవడపళ్ళు విరిగి చీము పట్టి ఉన్నాయి. తుంటి కీళ్ళు అరిగిపోయాయి. అంటే ఆ మూడు వారాలూ వాడికి ప్రతి ముద్దా నొప్పే. ఆ నొప్పితో తింటుంటే, తింటున్నది కూడా లాక్కోవడానికి రోజూ రెండుపూటలా నేను ప్రత్యక్షం.

బ్రిటన్‌లో డేనియల్ మిల్స్ అనే ప్రొఫెసరు బృందం 2020లో ఒక వ్యాసం ప్రచురించింది. ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి పంపిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడింట ఒకవంతుకి ఎక్కడో ఒకచోట నొప్పి ఉందని వాళ్ళు రాశారు. బుద్ధి వంకర అనుకునే ముందు పళ్ళూ కీళ్ళూ చూడాలన్నమాట.

ఆవిడ నన్నడిగిన ప్రశ్న ఒకటుంది. "కరిచే ముందు గుర్రుమన్నాడా?" లేదండీ, ఆ అలవాటు మాన్పించేశాను అన్నాను గర్వంగానే. ఆవిడ తల పట్టుకుంది. "మీరు మాన్పించింది కోపాన్ని కాదు, హెచ్చరికని" అంది.

మిత్రులారా, ఈ గదిలో సగంమంది సాఫ్ట్‌వేర్‌వాళ్ళే. ప్రోగ్రాం మాటిమాటికీ ఎర్రర్ మెసేజ్ ఇస్తోందనుకోండి. లోపం ఎక్కడుందో చూడకుండా, ఆ మెసేజ్ చూపించే లైను తీసేసి "ఫిక్స్ అయిపోయింది సార్" అని పంపించే కుర్రాణ్ణి మనం ఏమంటాం? ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న నేను ఇంట్లో చేసింది సరిగ్గా అదే. లాగ్ కట్టేశాను. లోపల భయం అలాగే ఉంది, నొప్పి అలాగే ఉంది. ఇక మిగిలింది ఒక్కసారిగా క్రాష్ అవడమే. మొరిగే కుక్క కరవదంటారు. గుర్రుమనే హక్కు పోయిన కుక్క మాత్రం కరుస్తుంది.

ఆ పెత్తందారు సిద్ధాంతం సంగతి కూడా తరువాత చదివాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనుల్లో పెట్టిన తోడేళ్ళని చూసి రాసిన మాట అది. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. ఆ మెక్‌గారే అడవుల్లో తోడేళ్ళ మధ్య ఏళ్ళతరబడి గడిపి, 1999లో దాన్ని సవరించి రాశారు. అడవిలో గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ, పెద్దరికం అంటే పెంపకమే తప్ప పెత్తనం కాదని. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం కూడా 2021లో ఇదే చెప్పింది. ఎంత కష్టమైన కుక్కకైనా బెదిరింపు పనికిరాదు, బహుమానంతోనే నేర్పాలి అని.

తరువాత మేం చేసింది చాలా మామూలు పని. డ్యూక్ తింటున్నప్పుడు వాడు బిగుసుకోనంత దూరంలో, పదడుగుల అవతల నుంచి నడిచి వెళుతూ, ఉడికించిన చికెన్ ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోవడం. గిన్నె మామూలు మేత, ముక్క అంతకన్నా రుచి. మనిషి దగ్గరికొస్తే ఉన్నది పోదు, ఇంకొకటి వస్తుంది. ఈ ఒక్క లెక్క వాడికి అర్థం కావాలి. పావ్‌లోవ్ గంటా కుక్కా కథ మనం ఇంటర్మీడియట్లో విన్నదే. పదడుగులు తొమ్మిదవడానికి వారం పట్టింది. ఒకరోజు తొందరపడి అయిదుకి వెళితే గుర్రుమన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో! లాగ్ మళ్ళీ పనిచేస్తోంది. "సారీ రా" అని వెనక్కి తగ్గాను.

పళ్ళు తీసేశారు. కీళ్ళకి మందు మొదలైంది. ఒంటరిగా ఉంటే పడే గాభరాకి ఒక మాత్ర, దాంతోపాటు అర నిమిషం బయటికెళ్ళి రావడం, నిమిషం వెళ్ళి రావడం, ఇలా సాధన. మా ఆవిడ పదిరోజుల గడువుని నెలకి, నెలని సంక్రాంతికి పొడిగిస్తూ వచ్చింది. ఉగాది నాటికి అడగడం మానేసింది. అప్పటికి నేను గిన్నె పక్కన కూర్చుంటే వాడు తల ఎత్తి, తోక ఊపి, ముక్క ఏదీ అన్నట్టు చూసేవాడు. టోపీల మీద పగ మాత్రం పోలేదు. ఆ వంకర వంకరగానే ఉంచేశాం.

ఇంత సుఖాంతం ప్రతిచోటా సాధ్యమని మీతో అనను. పసిపిల్లలున్న ఇంట్లో ఇలాంటి కుక్కని పెట్టుకోవడం తప్పు. కొన్నిటికి ఏ వైద్యమూ సరిపోదు. వెనక్కి ఇచ్చినవాళ్ళందరూ కఠినులూ కారు. కానీ తేల్చేముందు ఒక్కొక్కదాన్నీ విడివిడిగా చూడాలి. 2007 ఏప్రిల్‌లో వర్జీనియాలో మైకేల్ విక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో కుక్కల పోరాటాల కేసులో సుమారు 50 పిట్‌బుల్స్ దొరికాయి. అంతకుముందు వరకు అలాంటి కుక్కల్ని మూకుమ్మడిగా చంపేయడమే రివాజు. ఈసారి ఒక్కొక్కదాన్నీ పరీక్షించారు. 22 కుక్కల్ని యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ సంస్థ తీసుకుంది, మిగిలినవి ఇతర సంస్థలకి వెళ్ళాయి. చాలావాటికి ఇళ్ళు దొరికాయి. కొన్ని థెరపీ కుక్కలు కూడా అయ్యాయి. పోరాటానికి పెంచిన కుక్కలే అలా మారగలిగినప్పుడు, పంటినొప్పితో గుర్రుమన్న మా ముసలాడి సంగతి ఎంత?

ఇక్కడితో ఆపేస్తే ఇది కుక్క కథే. ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను.

2022 జనవరిలో మా అమ్మ పోయింది. జూన్‌లో నాన్నగారిని ఇక్కడికి తీసుకొచ్చాను. ఇంట్లో కుక్క తిరగడం ఆయనకి నచ్చలేదు. "డ్యూక్ అంటే ఏమిట్రా?" అని అడిగారు. చెప్పాను. "అయితే జమీందారన్నమాట. అందుకే పనీ పాటా లేకుండా సోఫా మీద పడుకుంటున్నాడు" అన్నారు. ఆ రోజు నుంచి వాడు జమీందారుగారయ్యాడు. రెండు నెలలకి ఇద్దరూ కలిసి పొద్దున్నే వాకింగు. ఇద్దరికీ మోకాళ్ళనొప్పులే, ఇద్దరికీ వినపడదు, ఇద్దరికీ తొందర లేదు.

నాన్నగారు రాత్రి భోజనాలయ్యాక అప్పుడప్పుడు ఒక మాట అనేవారు. "ఇంటికెళ్ళిపోతాన్రా." నేను వెంటనే అందుకునేవాణ్ణి. "ఇక్కడ మీకేం లోటు నాన్నగారూ? అక్కడ ఒంటరిగా ఏం చేస్తారు?" ఆయన ఊరుకునేవారు. అక్టోబరుకి ఆ మాట అనడమే మానేశారు. అలవాటు పడ్డారనుకున్నాను. వీసా పొడిగింపు ఫారం నింపడం మొదలుపెట్టాను.

ఒకరాత్రి డ్యూక్‌కి గిన్నె పెట్టి పక్కన కూర్చున్నాను. నాన్నగారు సోఫాలో కిటికీలోంచి చీకట్లోకి చూస్తున్నారు. గుర్రుమనడం మాన్పించి గెలిచాననుకున్న ఆ మూడు వారాలు గుర్తొచ్చి నాకు గుండె జారింది. లాప్‌టాప్ మూసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. "మీకు వెళ్ళాలని ఎందుకుంది నాన్నగారూ?" అని అడిగి, ఇంకేమీ మాట్లాడకుండా ఉన్నాను. చాలాసేపటికి చెప్పారు. "మీ అమ్మ సంవత్సరీకం గోదారి ఒడ్డున పెట్టాలిరా. ఇక్కడ గుళ్ళో పెడదామన్నావు. నీకు సెలవు దొరకదని ఇంక నేనేమీ అనలేదు."

డిసెంబరులో ఇద్దరం కలిసి కొవ్వూరు వెళ్ళాం. జనవరిలో కార్యక్రమం అయ్యేదాకా ఉన్నాను. ఆ ఆరువారాలూ ఇక్కడ డ్యూక్‌ని చూసుకున్నది, పదిరోజుల్లో పంపించేద్దామన్న మా ఆవిడే. రేవులో ఈ సంగతంతా నాన్నగారికి చెబితే, "అంటే నన్నూ ఆ జమీందారునీ ఒకే గాటన కట్టావన్నమాట" అని నవ్వారు. తరువాత తెలుగు మాస్టారు కదా, భారతం ఎత్తుకున్నారు. నన్నయ ఆదిపర్వంలో కథ మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్ళు ఏ పాపమూ ఎరగని కుక్కపిల్లని కొడతారు. దాని తల్లి సరమ సభకొచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంటవచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు. "అంత భారతమూ కుక్కతో మొదలై కుక్క దగ్గర తేలింది. నువ్వు కాలేజీ చదువులన్నీ చదివి ఇప్పటికి సరమ దాకా వచ్చావు" అన్నారు.

ఎవరైనా ముసలి కుక్కని తెచ్చుకోవాలనుకుంటే నా అనుభవంలో నాలుగు మాటలు. ఇంట్లో అందరూ ఒకటికి రెండుసార్లు వెళ్ళి చూడండి. దాని చరిత్ర మొత్తం అడగండి. ముందున్న జబ్బులకి ఇన్సూరెన్స్ మామూలుగా రాదు కనక పళ్ళకీ కీళ్ళకీ డబ్బు పక్కన పెట్టుకోండి. ఇండియా ప్రయాణాల్లో ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. ఇక మన వంటలు. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్, తీపికోసం వేసే జైలిటాల్ పనికిరావు. ద్రాక్షలో విషం టార్టారిక్ ఆమ్లం కావచ్చని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అది చింతపండులో కూడా దండిగా ఉంటుంది. కాబట్టి పులిహోర మనమే తిందాం. అంత బాధ్యత వద్దనుకుంటే కొన్ని వారాలు పెంచి ఇచ్చే ఫాస్టర్ పద్ధతి ఉంది. అక్కడి కుక్కలకి ఏదైనా చేయాలనిపిస్తే అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది.

2024 వసంతంలో డ్యూక్ పోయాడు. పన్నెండు దాటి పదమూడు నడుస్తూ ఉండాలి. చివరి రోజుల్లో కళ్ళు కూడా సరిగా కనపడేవి కావు. నా అడుగు చప్పుడు నేలమీద తెలిసి, గిన్నెలోంచి తల ఎత్తి తోక ఊపేవాడు. మా దగ్గర ఉన్నది రెండున్నరేళ్ళు. కొవ్వూరుకి ఫోన్ చేసి చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు వాకిట్లోకి వచ్చే వీధికుక్కకి ఆయన రోజూ దూరం నుంచి బిస్కట్టు విసిరి, వెనక్కి రెండడుగులు వేస్తారట. రాయి కోసం వంగే కుర్రాళ్ళని ఆపి, "గుర్రుమంటోందిరా, దాని మాట విని పక్కనుంచి వెళ్ళండి" అంటారట.

కుక్క తోక పట్టుకుని గోదారి మొత్తం ఈదానని చెప్పను. ఒక పాయ మాత్రం దాటాను.

సమోసాలు చల్లారుతున్నాయి.  సెలవు.